తేగల పీచు అడ్డుపడితే కోక్ తాగించవచ్చా?

మీ నాన్నగారు తేగలు తిన్న మూడో రోజు నుంచి కడుపుబ్బరం, వాంతులు, నిన్నటి నుంచి గ్యాస్ కూడా పోవడం లేదు, కోక్ తాగిస్తే పీచు కరుగుతుందట, పట్టమంటారా అని అడిగారు. వద్దండి. నోటితో ఏమీ పట్టకుండా సర్జన్ ఉన్న ఆసుపత్రికి ఇప్పుడే తీసుకెళ్ళండి. మిగతాది దారిలో చదువుకోవచ్చు.

మా అమ్మకి ఇదే జరిగింది, సంక్రాంతి వెళ్ళిన వారంలో. ఆవిడవి కట్టుడు పళ్ళు. తేగ నమిలి పిప్పి ఊసేయాలి కదా, నమల్లేక మింగేసింది. మొదట చూపించిన చోట గ్యాస్ అని ఇంజెక్షన్ చేసి పంపేశారు. ఇంటికొచ్చాక నేను ఆముదం పట్టాను. అది నేను చేసిన పెద్ద తప్పు. రాత్రంతా మెలిపెట్టే నొప్పి, తెల్లారేసరికి ఆకుపచ్చటి వాంతులు.

స్కాన్‌లో చిన్నపేగు చివర, పెద్దపేగులో కలిసే చోటుకి కాస్త ఇవతల, పీచు ఉండ కనపడింది. పేగు అక్కడ సన్నబడుతుంది, అందుకే ఇరుక్కుంటుందట. దీన్ని ఫైటోబెజోర్ అంటారు. సర్జన్ గారు ముందు అడిగింది ఒక్కటే: "ఇదివరకు పొట్టకి ఆపరేషన్ అయిందా?" అయింది, 1986లో, అల్సర్‌కి. మేమే మర్చిపోయాం. ఆ రోజుల్లో ఆమ్లం తగ్గాలని నరం కత్తిరించి, పొట్టని పేగుకి కలిపి కుట్టేవారు. దాంతో ఆమ్లమూ తగ్గుతుంది, తిన్నదాన్ని నలిపే బలమూ తగ్గుతుంది. షుగర్ పాతబడినా పొట్ట కదలిక మందగిస్తుంది. మీ నాన్నగారికి పదిహేనేళ్ళ షుగర్, పళ్ళు లేవు అన్నారు కాబట్టి ఆ మాట, తేగల మాట, పళ్ళు లేని సంగతి డాక్టరుకి మీరే చెప్పండి, వాళ్ళు అడిగేదాకా ఆగొద్దు.

కోక్ సంగతి పుకారేం కాదు. ఉండ పేగులోకి దిగకుండా పొట్టలోనే (జీర్ణాశయంలోనే) ఉంటే డాక్టర్లే వాడతారు. 2013లో వచ్చిన ఒక సమీక్షలో 46 మంది రోగుల్లో సగం మందికి కోక్‌తోనే కరిగింది, మిగిలినవాళ్ళలో చాలామందికి ఎండోస్కోపీ కూడా కావాల్సివచ్చింది. అయితే సగం కరిగిన ముక్క కిందికి జారి పేగులో బిగుసుకోవచ్చు. పేగు ఇప్పటికే మూసుకుపోయి ఉంటే తాగించిందంతా మళ్ళీ వాంతే అవుతుంది, అది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది.

అమ్మకి పొట్ట తెరిచారు గానీ పేగు కోయలేదు. ఉండని చేత్తో మెల్లగా నలిపి పెద్దపేగులోకి జరిపేశారు. పైన పొట్టలో ఇంకొకటి ఉందేమోనని తడిమి కూడా చూశారట. ఎనిమిదో రోజు ఇంటికొచ్చింది. ఇప్పుడు తేగ చీల్చి, మధ్యలో ఉండే లేత మొలక, అదే చందమామ, మాత్రం తీసి ఇస్తున్నాం.

స్కాన్ తీశాక ఏమన్నారో ఇక్కడ రాయండి, చూస్తూ ఉంటాను.