మెయిల్ పంపాక కూడా మళ్లీ మళ్లీ చదువుతున్నాను... ఇది జబ్బా?

ప్రశ్న: నా వయసు 33 ఏళ్లు. ఏ పని చేసినా ఎవరూ వంక పెట్టలేనట్టు ఉండాలనుకుంటాను. ఆఫీసులో చిన్న మెయిల్ పంపాలన్నా ఏడెనిమిది సార్లు చదువుతాను. పంపాక కూడా తెరిచి చూసుకుంటాను. అక్షరదోషం కనిపిస్తే ఆ రాత్రి నిద్ర పట్టదు. పై అధికారులు నా పనిని మెచ్చుకుంటారు, ఇంట్లోవాళ్లు విసుక్కుంటున్నారు. ఇది మంచి లక్షణమేనా? చికిత్స అవసరమా?

జవాబు: పంపేముందు చదివేది పని కోసం. పంపాక ఎన్నిసార్లు చదివినా అందులో ఒక్క అక్షరం మారదు. అది మనసును ఊరడించుకోవడానికి చదవడం. ఆ ఊరట కాసేపే ఉంటుంది, మళ్లీ తెరవాలనిపిస్తుంది. మీ ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది.

పని చక్కగా ఉండాలనుకోవడం జబ్బు కాదు. మందు మోతాదు రాసేటప్పుడు నేనూ రెండోసారి చూస్తాను, చూడాలి కూడా. అమెరికా మనస్తత్వవేత్త డాన్ హామచెక్ 1978లోనే పర్‌ఫెక్షనిస్టులను, అంటే ఏ పనిలోనూ చిన్న లోపం కూడా ఉండకూడదనుకునేవారిని, రెండు రకాలుగా విడదీశారు. మొదటి రకం వారికి కష్టపడి చేసిన పనిలో ఆనందం దొరుకుతుంది, అవసరం లేనిచోట పట్టు సడలించగలరు. రెండో రకం వారికి ఎంత చేసినా తక్కువే. ఒక్క అక్షరదోషానికి మీకు నిద్ర దూరమవుతోందంటే మీరు రెండో వైపు జరుగుతున్నట్టే. తప్పు దొర్లింది మెయిల్‌లో, మార్కులు తగ్గించుకుంటున్నది మాత్రం మీకు మీరే.

అధికారుల మెప్పు కూడా దీన్ని పెంచుతుంది. ఏడుసార్లు చదవబట్టే మెప్పు దక్కిందని మనసు లెక్క కట్టుకుంటుంది. ఒక్కసారే చదివి పంపితే ఏమయ్యేదో దానికి తెలిసే అవకాశమే మీరివ్వలేదు.

అందుకే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీలో (ఆలోచనల తీరును, అలవాట్లను మార్చుకునేలా చేసే చికిత్స) మేం చేయించే పని ఒకటి ప్రయత్నించండి. పెద్దగా ప్రాధాన్యం లేని మెయిల్ ఒకటి ఎంచుకోండి. ఏం జరుగుతుందని భయపడుతున్నారో ముందే కాగితం మీద రాయండి. ఒక్కసారి చదివి పంపేయండి. మర్నాటి వరకు తెరవవద్దు. మొదట ఆందోళన పెరుగుతుంది, తర్వాత దానంతటదే దిగుతుంది. మర్నాడు ఆ కాగితం తీసి, రాసుకున్నదీ జరిగిందీ పక్కపక్కన పెట్టి చూడండి. వారానికి మూడు నాలుగు మెయిల్స్‌తో ఇలా చేయండి. ఈలోగా ఇంట్లోవాళ్లను 'బాగానే ఉందా' అని అడగడం కూడా మానండి. అదీ మెయిల్ తెరిచి చూసుకోవడం లాంటిదే.

పర్‌ఫెక్షనిజం దానికదే ఒక రోగనిర్ధారణ కాదు, దానికని ప్రత్యేకంగా మందూ లేదు. అయితే దీని వెనుక ఆందోళన, డిప్రెషన్, ఓసీడీ (వద్దనుకున్నా అవే ఆలోచనలు, అవే పనులు పదేపదే వెంటాడే జబ్బు) ఉండవచ్చు. తలుపు తాళం వంటివి కూడా పదేపదే చూసుకుంటున్నా, తప్పు వస్తుందేమోనని పనులే వాయిదా వేస్తున్నా, రెండు వారాలకు మించి నిద్ర, ఉత్సాహం తగ్గినా సైకియాట్రిస్టును కలవండి. అలాంటప్పుడు థెరపీతో పాటు మందులు అవసరం కావచ్చు. బతకాలనిపించడం లేదన్న ఆలోచన వస్తే మాత్రం ఇవేవీ ప్రయత్నిస్తూ కూర్చోవద్దు, ఆ రోజే డాక్టరు దగ్గరకు వెళ్లండి.