యుద్ధభూమిని చూసి రాయదలచిన యువ రచయితకు

హైదరాబాదు

చిరంజీవికి ఆశీస్సులు.

నీవు పంపిన గోల్కొండ వ్యాసం రెండుసార్లు చదివాను. వాక్యం నీ చేతికి లొంగింది, అందుకు సంతోషించాను. కాని 1687 నాటి ముట్టడికి నీవు నాలుగు వాక్యాలే కేటాయించావు. ఆ నాలుగింటిలోనూ నేల నెత్తురుతో తడిసిందనీ, రాళ్లు మౌనంగా రోదిస్తున్నాయనీ రాశావు. ఈ మాటలను తీసుకెళ్లి బొబ్బిలి వ్యాసంలో పెట్టినా, పానిపట్టు వ్యాసంలో పెట్టినా అతికిపోతాయి. గోల్కొండ మాత్రం వాటిలో కనబడదు.

బాలాహిస్సార్ ద్వారం దగ్గర చప్పట్లు కొట్టి, రామదాసు చెర చూసి, మెట్లెక్కి బారాదరి మీద నుంచి ఊరిని చూసి, చీకటి పడ్డాక ధ్వని-కాంతి ప్రదర్శన చూసి తిరిగి వచ్చావు. కోటకు వెళ్లినవారు సాధారణంగా అంతే చూస్తారు. కాని ఔరంగజేబు సైన్యం దాదాపు ఎనిమిది నెలలు పోరాడింది ఆ మెట్ల మీద కాదు, మైళ్ల పొడవున సాగే బయటి ప్రాకారం వెలుపల. ఈసారి వెళ్లినప్పుడు టికెట్టు తీసుకునే చోటికి ముందుగా పోకుండా, ఇప్పటికీ వాహనాలు రాకపోకలు సాగించే ఫతే దర్వాజా బయట నిలబడి, లోపలికి రావలసిన శత్రువు కళ్లతో ఆ గోడను చూడు. తలుపులకు కొట్టిన ఇనుప మేకులు ఏనుగుల కుంభస్థలాల కోసమని అప్పుడు నీకు ఎవరూ చెప్పనవసరం లేదు. మొగలులు ప్రాకారం కిందికి సొరంగాలు తవ్వి మందుగుండు దట్టించారు. కోటలోని వారు లోపలి నుంచి ఎదురు తవ్వి కొంత మందును తీసేసి, కొంత నీళ్లతో తడిపేశారు. నిప్పంటించినప్పుడు ఆ పేలుడు కోటను కాక ముట్టడించిన వారినే చంపింది. ఆపైన వానకాలం, శిబిరంలో కరువు. చివరకు కోట ఫిరంగులకు కాదు, లోపలి మనిషి రాత్రివేళ తెరిచిన తలుపుకు లొంగింది. ఫతే, అంటే విజయం, గెలిచినవాడు పెట్టిన పేరు.

ఆ రాత్రి దాదాపు ఒంటరిగా ఎదురునిలిచిన గోల్కొండ సేనాని అబ్దుల్ రజాక్ లారీ ఒంటిమీద సుమారు 70 గాయాలు లెక్కించారని ఆనాటి చరిత్రకారుడు ఖాఫీఖాన్ రాశాడు. అతన్ని బతికించడానికి వైద్యులను పంపింది ఔరంగజేబే. రామదాసు కథలో మనకు చిన్ననాటి నుంచి తెలిసిన గోల్కొండ సుల్తాను తానీషా బందీగా దౌలతాబాదుకు వెళ్లి అక్కడే చనిపోయాడు. రామదాసు చెర చూసినప్పుడు, ఆయనను చెరలో పెట్టిన ప్రభువు కూడా చెరలోనే ముగిశాడన్న సంగతి నీకు గుర్తుకు రాకపోవడం నాకు వెలితిగా తోచింది.

రాయి ఏమి చెబుతున్నదో రాసుకున్నాక, దాన్ని ఎవరు నిలబెట్టారో కూడా అడగాలి. కోఠీ బస్టాండు దగ్గర తుర్రేబాజ్ ఖాన్ స్మారకం ముందు నుంచి నీవు ఎన్నోసార్లు వెళ్లి ఉంటావు. 1857 జులై 17న ఆయనా, మౌల్వీ అల్లావుద్దీనూ రోహిల్లాలను, అంటే అఫ్ఘాన్ మూలాలున్న పోరాటగాళ్లను, వెంటబెట్టుకుని ఆ పక్కనే ఉన్న బ్రిటిష్ రెసిడెన్సీ మీద దాడి చేశారు. మనం నేటికీ కోఠీ ఉమెన్స్ కాలేజీ అని పిలిచేది ఆ రెసిడెన్సీనే. మౌల్వీ అండమానులో మరణించాడు. తుర్రేబాజ్ ఖాన్‌ను 1859లో తూప్రాన్ దగ్గర చంపి, జనం భయపడాలని శవాన్ని నగరంలో వేలాడదీశారు. శవాన్ని వేలాడదీసిన నగరంలోనే ఇప్పుడు ఆయనకు గౌరవ చిహ్నం ఉన్నది. ఈ రెండింటి మధ్య దూరమే నీవు రాయవలసిన విషయం.

ఢిల్లీలో తీన్ మూర్తి దగ్గరున్న మూడు విగ్రహాలు జోధ్‌పూర్, హైదరాబాద్, మైసూర్ అశ్విక దళాలకు గుర్తు. 2018లో ఆ కూడలి పేరుకు హైఫా అన్న పేరు చేర్చారు; అది నేటి ఇజ్రాయెల్‌లోని రేవుపట్టణం. మన ఊరి పేరు కనబడగానే మన లాన్సర్లే హైఫాను గెలిచారని రాయాలన్న ఉత్సాహం కలుగుతుంది. 1918 సెప్టెంబరు 23న హైఫా మీదికి గుర్రాలు దూకించినవారు జోధ్‌పూర్, మైసూర్ దళాలవారు. హైదరాబాదు దళం అదే బ్రిగేడులో ఉండి పాలస్తీనాలో పోరాడింది. ఉన్న గౌరవం అది; దాన్ని పెంచి రాస్తే ఇతరుల మరణాన్ని మనం తీసుకున్నట్టవుతుంది.

నా తప్పు కూడా ఒకటి చెబుతాను. మొదటిసారి నాగాలాండులోని కొహిమా యుద్ధ శ్మశానవాటికకు వెళ్లినప్పుడు, మీ రేపటి కోసం మా నేటిని ఇచ్చామని చనిపోయినవారు చెబుతున్నట్టుండే ఆ ప్రసిద్ధ శిలాఫలకాన్ని నోటుబుక్కులో రాసుకున్నాను. డిప్యూటీ కమిషనర్ బంగళా టెన్నిస్ కోర్టు గీతలను నేలమీద చూశాను. 1944లో ఆ కోర్టుకు అటూ ఇటూ బ్రిటిష్ ఇండియా, జపాన్ సైన్యాలు గ్రెనేడ్లు విసురుకున్నాయి. అంతటితో చూశాననుకుని దిగివచ్చి వ్యాసం అచ్చుకిచ్చాను. శ్మశానవాటిక పైభాగాన మరొక స్మారకం ఉన్నదనీ, దహనం చేసిన 917 మంది హిందూ, సిక్కు సైనికులకు అది గుర్తనీ తరువాత తెలిసింది. వాళ్లకు సమాధులు లేవు కనుక నా వ్యాసంలో వాళ్లు లేరు. ఆ పేజీ ఇప్పటికీ నాకు బాధ కలిగిస్తుంది. అప్పటి నుంచి ఏ స్మారకానికి వెళ్లినా, చివరి మెట్టు ఎక్కకుండా వెనుదిరగడం మానేశాను.

మన పల్నాడులో జ్ఞాపకం రాతి మీద మాత్రమే లేదు. కారంపూడిలో కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజులు రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అనే ఉత్సవ ఘట్టాలు జరుగుతాయి. వీరుల వారసులమనుకునేవారు ఆయుధాలను తలకెత్తుకుని వస్తారు. మామూలు రోజున వెళితే వీర్లగుడి, నాగులేరు కనబడతాయి కాని కారంపూడి కనబడదు. అక్కడ నీవు పర్యాటకుడివి, వాళ్లు భక్తులు. కెమెరా ఎత్తేముందు అడుగు. తెలంగాణలోని బైరాన్‌పల్లిలో ఇంకా జాగ్రత్త కావాలి. 1948 ఆగస్టు 27న రజాకార్లు జరిపిన ఆ కాల్పులు తాతల కాలపు సంగతే కాని, బురుజు ఇంకా ఊరి మధ్యనే ఉన్నది, చనిపోయినవారి కుటుంబాలు ఆ ఇళ్లలోనే ఉన్నాయి. మృతుల లెక్క ఒక్కొక్కరు ఒక్కో విధంగా చెబుతారు. ఎవరు చెప్పిన లెక్కో వారి పేరుమీదే రాయి. నీ సొంత సగటు తీయకు.

మ్యూజియాల విషయంలో నాకు ఒకటే పట్టుదల: వస్తువును వదిలి దానిని వాడిన మనిషిని అడగాలి. విశాఖ బీచిలోని కురుసురా జలాంతర్గామి లోపల చాలావరకు విశ్రాంత నావికులే చూపిస్తారు. టార్పెడోల పొడవు ఫలకం మీదా ఉంటుంది. ఎంత ఇరుకులో పడుకునేవారు, స్నానానికి నీళ్లెన్ని, ఇంటి ఉత్తరం ఎప్పుడు అందేది అన్నవి ఆ మనుషులకే తెలుసు.

వచ్చే ఆదివారం పొద్దున్న ఏడు గంటలకు ఫతే దర్వాజా బయట ఉంటాను. నీ చిత్తుప్రతి తీసుకురా, నీళ్లసీసా కూడా. ప్రాకారం వెంట బయటి వైపు నడిచి, ఆ తరువాతే లోపలికి వెళదాం.

నీ శ్రేయోభిలాషి