తట్టుకునేందుకు మారిందా, మారినందువల్ల తట్టుకుందా?

సందేహం: ‘యాంటీబయాటిక్‌ను తట్టుకునేందుకు బ్యాక్టీరియా ఉత్పరివర్తనం చెందింది’ అని మా విద్యార్థి రాశాడు. వ్యాకరణం సరిగానే ఉన్నా ఏదో తేడాగా తోచింది. ‘పరిణామం చెందింది’ అనాలా? ఇంకొకటి, పరిణామంలో ‘ణ’ ఉండగా పరివర్తనంలో ‘న’ ఎందుకు?
– జీవశాస్త్ర అధ్యాపకురాలు, బ్రాడీపేట, గుంటూరు

సమాధానం: మీకు తోచిన తేడా నిజమేనమ్మా. అది ‘ఉత్పరివర్తనం’లో (జన్యువులో వచ్చే మార్పు, మ్యుటేషన్) లేదు, ‘తట్టుకునేందుకు’లో ఉంది. ‘ఊరెళ్లేందుకు బయలుదేరాడు’ అంటే వెళ్లాలన్న తలంపు ముందు, బయలుదేరడం తరువాత. బ్యాక్టీరియాకు అలాంటి తలంపేదీ ఉండదు.

మీ ఊరి మిర్చినే చూడండి. కుప్ప ముందు కూర్చున్న ఆడవాళ్లు తాలు కాయలు ఏరి పక్కన పడేస్తూ పోతే, సాయంత్రానికి మిగిలిన రాశి ఎర్రగా నిగనిగలాడుతుంది. ఏరివేతను తప్పించుకునేందుకు ఒక్క కాయైనా ఎరుపెక్కిందా? ఎర్రనివి ముందే ఉన్నాయి, అవి మిగిలాయి. మందు చేసే పనీ ఆ ఏరివేతే.

సాల్వడార్ లూరియా, మాక్స్ డెల్‌బ్రుక్ అనే శాస్త్రవేత్తలు 1943లో దీన్ని లెక్కకట్టి చూపారు. బ్యాక్టీరియాను వేర్వేరు గొట్టాల్లో పెంచి, వాటి మీదికి మందుకు బదులు బ్యాక్టీరియాను చంపే వైరస్‌ను వదిలారు. వైరస్ తగిలాకే మార్పు వచ్చేదైతే ప్రతి గొట్టంలోనూ ఇంచుమించు అన్నే బతకాలి. అలా జరగలేదు. కొన్నింటిలో ఒక్కటీ మిగల్లేదు, కొన్నింటిలో గుంపులుగా మిగిలాయి. మార్పు తొలి తరాల్లోనే వచ్చిన గొట్టంలో దాని సంతానం అప్పటికే పెరిగిపోయి ఉందన్నమాట.

పసిపిల్లల కంట్లో అరుదుగా వచ్చే రెటీనోబ్లాస్టోమా అనే క్యాన్సర్ కణితి సంగతి చూడండి. పదమూడో క్రోమోజోమ్ మీది ఆర్‌బీ1 జన్యువు రెండు ప్రతులూ చెడితే రెటీనాలో ఆ కణితి పుడుతుంది. ‘కణితి పెరిగేందుకు జన్యువు మారింది’ అని ఎవరైనా రాస్తారా? ‘మారింది, అందువల్ల కణితి వచ్చింది’ అనే రాస్తాం. బిడ్డ కంటికి పట్టించిన ఈ న్యాయాన్ని బ్యాక్టీరియాకూ పట్టించాలి. మీ విద్యార్థి వాక్యం ఇలా ఉంటే బాగుంటుంది: ‘ఉత్పరివర్తనం జరిగిన బ్యాక్టీరియా మందును తట్టుకుని నిలిచింది.’

‘పరిణామం’ ఇక్కడ కుదరదు. అది ఒక్క కణానికి చెప్పే మాట కాదు, తరతరాలుగా మారుతూ వచ్చిన సంతతికి చెప్పేది. పత్రికల్లోని ‘తాజా పరిణామాలు’ వేరే వాడుక, దానికీ దీనికీ ముడిపెట్టనక్కర్లేదు.

ఇక ‘ణ’ సంగతి. పరిణామంలో ఉన్నది వంగడమనే అర్థమున్న ‘నమ్’ ధాతువు, నమస్కారంలో ఉన్నదే. ముందున్న రేఫ, అంటే ‘ర’ ధ్వని ప్రభావంతో ‘న’ కాస్తా ‘ణ’ అయింది. ప్రణామం కూడా అంతే. ‘పరివర్తనం’లోనూ రేఫ ఉంది, కానీ దానికీ ‘న’కూ నడుమ ‘త’ అడ్డుపడింది. ‘తర్పణం’, ‘వర్తనం’ నెమ్మదిగా పలికి చూడండి. ‘ప’ పెదవుల దగ్గరే తేలిపోతుంది, నాలుకను కదిలించదు, అందుకే ‘ణ’ వచ్చింది. ‘త’ నాలుకను పళ్ల దగ్గరికి లాగేస్తుంది, అక్కడి నుంచి పలికేది ‘న’యే.