కర్నూలు నుంచి క్యాన్సర్ ట్రయల్‌లో (కొత్త చికిత్సను రోగులపై పరీక్షించే అధ్యయనంలో) చేరాలంటే ముందు ఏం చూసుకోవాలి?

ముందు సీటీఆర్ఐ (మన దేశంలో జరిగే ట్రయల్స్‌ను నమోదు చేసే ప్రభుత్వ జాబితా) వెబ్‌సైట్‌లో జబ్బు పేరు కొట్టి, ట్రయల్ ఏ ఊళ్లో జరుగుతోందో, ఎలాంటివాళ్లను తీసుకుంటారో చూడండి. హైదరాబాదుకు పదేపదే తిరగాల్సి రావచ్చు. దారిఖర్చులు ఇస్తారేమో ముందే అడగండి.

రిపోర్టు కాగితాలొక్కటే చాలవు. బయాప్సీ చేసిన ల్యాబ్ నుంచి స్లైడ్లు, పారఫిన్ బ్లాక్ తీసుకోండి. అది మైనంలో పొదిగిన కండముక్క, మన ఎండల్లో బస్సు కిటికీ పక్కన పెడితే మెత్తబడుతుంది.

చాలామందికి అవకాశం చేజారేది ఇక్కడే: ఒక కీమో వేయించుకున్నాక వెళ్తారు. కొన్ని ట్రయల్స్‌కు అసలు చికిత్స మొదలుకానివాళ్లే కావాలి. నాటుమందు వాడుతుంటే దాచొద్దు, లివర్ పరీక్షల్లో తేడా రావచ్చు.

సమ్మతిపత్రం తెలుగులో అడిగి, ఇంటికి తెచ్చి చదవండి. సంతకమయ్యాక ఒక కాపీ మీదే. కొత్త మందులు, ట్రయల్స్‌పై కేంద్రం తెచ్చిన 2019 నిబంధనల ప్రకారం ట్రయల్ వల్ల హాని జరిగితే వైద్యం ఉచితం, పరిహారమూ ఉంది. మధ్యలో మానుకోవచ్చు, కారణం చెప్పక్కర్లేదు.