సైన్యాన్ని ఎప్పుడు పంపాలి?

ప్రశ్న: మా అన్నయ్య ఆర్మీలో ఉన్నాడు. ఎక్కడ ఉగ్రదాడి జరిగినా మా కాలేజీలో అందరూ "ఇంకా చూస్తూ కూర్చోవడమేంది, యుద్ధం చేసేయాల" అంటారు. కాస్త ఆలోచించాలి కదా అంటే నన్ను పిరికిదాన్నంటారు. ఇంట్లో అమ్మకు టెన్షన్‌తో నిద్రే ఉండదు. అసలు దేశం ఎప్పుడు యుద్ధానికి దిగాలి సార్?
– ఒక విద్యార్థిని, తిరుపతి

జవాబు: అమ్మా, నువ్వు పిరికిదానివి కాదు. ఈ మాట అడిగే హక్కు జవాను ఇంటివాళ్లకే ముందుంటుంది.

యుద్ధమే వద్దనేవాణ్ణి కాను. ఆత్మరక్షణ హక్కు ఐక్యరాజ్యసమితి చార్టర్ 51వ అధికరణంలోనే ఉంది, దాని మీద పేచీ లేదు. 1999లో కార్గిల్ శిఖరాలెక్కి కూర్చున్నవాళ్లను దించక తప్పలేదు. అప్పుడు కూడా నియంత్రణ రేఖ దాటొద్దని వాజ్‌పేయి ప్రభుత్వం గట్టిగా చెప్పింది. 527 మందిని పోగొట్టుకున్నాం. ఎందుకోసమంటే, ఆ ఇళ్లవాళ్లకు చెప్పడానికి జవాబుంది.

1971లో తూర్పు పాకిస్తాన్ నుంచి కోటిమంది దాకా శరణార్థులు వచ్చిపడ్డారు. ఏప్రిల్‌లోనే దిగాలని ఒత్తిడి. వానలొస్తే నదులు పొంగుతాయి, సిద్ధం కావడానికి టైమ్ కావాలని అప్పటి ఆర్మీ చీఫ్ మానెక్‌షా ప్రధాని ఇందిరాగాంధీకి మొహమాటం లేకుండా చెప్పారు. ఆవిడ ఆగారు. ఆగస్టులో సోవియట్‌తో ఒప్పందం చేసుకున్నారు. డిసెంబరు 3న పాకిస్తాన్ మన వైమానిక స్థావరాల మీద బాంబులేసింది, 16న ఢాకాలో లొంగిపోయింది. తిరుపతిలో స్థిరపడ్డ మేజర్ జనరల్ వేణుగోపాల్ గారికి మహావీర చక్ర వచ్చింది ఆ యుద్ధంలోనే. అన్ని నెలలు ఆగడాన్ని పిరికితనమని ఎవరంటారు?

నేను కళ్లారా చూసింది మాత్రం వేరే. 1987లో భారత శాంతిసేనతో శ్రీలంకలోని జాఫ్నా వెళ్లాను. చిత్తూరువాణ్ణి, తమిళం వచ్చు కాబట్టి సోదాల్లో మా మేజర్‌కు మాట చెప్పేది నేనే. శాంతి కాపాడమని పంపారు, కొన్నాళ్లకే అక్కడ ప్రత్యేక దేశం కోసం పోరాడుతున్న తమిళ పులుల (ఎల్టీటీఈ) ఆయుధాలు లాక్కోమన్నారు. మొదట్లో దండలేసిన ఊళ్లలోనే అక్టోబరుకల్లా మందుపాతరలు పేలాయి. ఒక ఇంట్లో ముసలామె చేటలో బియ్యం చెరుగుతూ, తలైనా ఎత్తకుండా, "మీరు ఎవరి తరఫున వచ్చారు నాయనా?" అనడిగింది. మేజర్‌కు హిందీలో చెప్పాను. ఆయన కాసేపు ఆ చేటవైపే చూసి, పక్కింటికి పదమన్నారు. మంచి అధికారి. ఆయనకే ఆ జవాబు పైనుంచి ఎవరూ చెప్పలేదు. 1990 మార్చిలో సేన మొత్తం వెనక్కొచ్చేసేనాటికి దాదాపు 1,200 మంది మనవాళ్లు ప్రాణాలిచ్చారు. ఆ పిల్లల మొహాలు నాకింకా గుర్తున్నాయి.

అందుకే, మీ స్నేహితులు మళ్లీ యుద్ధమంటే, సైన్యం ఏం సాధించి వెనక్కి రావాలో, దానికి ఇంకే దారీ ఎందుకు లేదో చెప్పమను. చెప్పగలిగితే, ఈ వయసులోనూ నేను వాళ్లవైపే నిలబడతాను.