లాడ్జి గదిలో మాటలు విన్నదెవరు?

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లె. రొయ్యల వ్యాపారం. ఎగుమతి కంపెనీతో రేటు మాట్లాడటానికి కాకినాడ వెళ్లి లాడ్జిలో దిగాను. 30 కౌంట్‌కి (కిలోకి 30 రొయ్యలు తూగే సైజు) ఎంతవరకు తగ్గొచ్చో రాత్రి గదిలోంచే అన్నయ్యతో ఫోన్లో అనుకున్నాం. మర్నాడు పోటీ వ్యాపారి సరిగ్గా దానికి రెండు రూపాయలు తక్కువ చెప్పాడు! అనుమానమొచ్చి వెతికితే మంచం పక్క ప్లగ్గులో ఉన్న అడాప్టర్‌ లోపల సిమ్ కార్డు కనిపించింది. ఊడబీకి ఇంటికి తెచ్చేశాను. కేసు నిలుస్తుందా?

జవాబు: నిలబెట్టొచ్చు, కాకపోతే సరైన సెక్షన్ పట్టుకోవాలి. ఇలాంటివాటికి అందరూ ఐటీ చట్టం 66ఇ అంటారు. అది అనుమతి లేకుండా శరీరంలోని రహస్య భాగాల ఫొటో, వీడియో తీసినవాళ్లకు. మీ గదిలో ఉన్నదానికి చెవులే ఉన్నాయి, కళ్లు లేవు. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం చెప్పింది, నిజమే. అయినా గదిలో వ్యాపారం మాటలు పక్కవాడు చాటుగా వింటే శిక్షించే సూటి సెక్షన్ మనకు లేదనే చెప్పాలి.

అందుకే ఆ సిమ్ ముఖ్యం. బయటివాడు ఆ నంబరుకి ఫోన్ చేస్తే అడాప్టర్ మోగకుండానే కాల్ ఎత్తుతుంది, గదిలో మాటలు అవతలికి వినిపిస్తాయి. అంటే చేసినవాడి నంబరు కాల్ రికార్డుల్లో ఉంటుంది. దాన్ని పోలీసులే తెప్పించాలి, మీరడిగితే ఫోన్ కంపెనీ ఇవ్వదు. సిమ్ మోసంతో ఇంకొకరి పేరున తీసుకున్నదైతే 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం 42వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, లేదా 50 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. మీరున్న గదిలోకి ఎవరైనా దొంగచాటుగా వచ్చి పెట్టారని తేలితే అక్రమ ప్రవేశం కూడా చేర్చమనొచ్చు. మీ ల్యాప్‌టాప్‌ని కూడా అనుమతి లేకుండా ఎవరైనా తెరిచి చూసి ఉంటే ఐటీ చట్టం 43, 66 సెక్షన్లు ఉన్నాయి.

ఊడబీకడం మాత్రం పొరపాటే. అక్కడే ఉంచి పోలీసుల్ని పిలిచి ఉంటే, వాళ్లు స్వాధీనం చేసుకోవడాన్ని వీడియో తీసేవారు. పాత సీఆర్‌పీసీ (క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే చట్టం) స్థానంలో వచ్చిన కొత్త నాగరిక్ సురక్షా సంహిత 105వ సెక్షన్ అదే చెబుతోంది. సరే, అయిందేదో అయింది. దయచేసి నంబరు చూద్దామని ఆ సిమ్‌ని మీ ఫోన్లో వేయకండి, రికార్డుల్లోకి మీ ఫోనే ఎక్కుతుంది. కవర్లో పెట్టి, తేదీ, గది నంబరు రాసి, మీతో ఎవరైనా చూసి ఉంటే సంతకం చేయించండి.

కాకినాడ పరుగెత్తక్కర్లేదు. భీమవరం స్టేషన్లోనే జీరో ఎఫ్ఐఆర్ (నేరం వేరే స్టేషన్ పరిధిలో జరిగినా రాసుకునే కేసు) అడగండి, వాళ్లే బదిలీ చేస్తారు. లాడ్జికి ఇవాళే రాతపూర్వకంగా నోటీసివ్వండి: రిజిస్టరు, సీసీ కెమెరా ఫుటేజీ చెరపొద్దని. ఫుటేజీ ఎక్కువ రోజులుండదు. ఫిర్యాదులో పోటీ వ్యాపారిని దొంగ అని తేల్చేయకండి, ‘అనుమానం’ అని రాసి ఆ రేటు సంగతి ఉన్నదున్నట్టు చెప్పండి. లేదంటే పరువునష్టం కేసు ఎదురు రావచ్చు.

లాడ్జి మీద వినియోగదారుల కమిషన్‌కీ వెళ్లొచ్చు. మీ జిల్లాలోనే వేసుకోవచ్చు, గడువు రెండేళ్లు. వ్యాపారం పని మీద దిగారు కాబట్టి మీరు వినియోగదారు కారని లాడ్జివాళ్లు కచ్చితంగా అంటారు. గది పడుకోడానికి తీసుకున్నదే కదా అన్నది మన వాదన. బిల్లు జాగ్రత్త.