పడకలు లెక్కపెట్టకండి, పడవ కిందికి దూరి చూడండి

డాలస్‌లో ఉంటున్న మిత్రులొకరు, ట్రైలర్ మీద లాక్కెళ్లే చిన్న తెరచాప పడవ కొనాలంటే అందులో ఏయే సౌకర్యాలు చూసుకోవాలని అడిగారు. నేను ఆరేళ్లుగా లేక్ లూయిస్‌విల్‌లో ఒక పాత కాటలీనా 22ను నడుపుతున్నాను కనుక నాకు తెలిసింది ఆ పడవే. సౌకర్యాల సంగతి తర్వాత, ముందు పడవ అడుగున ఉండే కీల్ చూడండి.

ఫ్రాంక్ బట్లర్ రూపొందించిన ఈ పడవ 1969లో మొదలై 15,000కు పైగా తయారైంది. వెడల్పు 7 అడుగుల 8 అంగుళాలే కావడంతో ప్రత్యేక అనుమతి అక్కర్లేకుండా రోడ్డెక్కుతుంది. గాలి పక్కనుంచి తోసినప్పుడు పడవను ఒరిగిపోకుండా, పక్కకు జారిపోకుండా నిలిపేది అడుగున వేలాడే పోత ఇనుప కీల్. నా పడవలో దాని బరువు 550 పౌండ్లు. దించితే పడవకు ఐదడుగుల లోతు నీళ్లు కావాలి, ఎత్తితే రెండడుగులు చాలు. అది ఎత్తడానికి వీలుండబట్టే పడవ ట్రైలర్ ఎక్కుతోంది.

మొదటిసారి మా బావమరిదితో కలిసి బయలుదేరినప్పుడు, మోటారు ఆపి తెరచాప ఎత్తగానే గాలి నిండి పడవ ఊపందుకుంది, ఆ వెంటనే కాళ్ల కింద సన్నగా ఝుమ్మని మోత మొదలైంది. "బావా, మోటారు ఆపలేదా?" అన్నాడు. మోటారు నీళ్లలోంచి పైకెత్తే ఉంది. అడుగు పగిలిందేమోనని గుండె జారి, కాబిన్ మెట్టు కింద ఉన్న వించి (కీల్‌ను ఎత్తి దించే తీగను చుట్టే చక్రం) మీద చెయ్యి వేస్తే అది తంబురాలా వణుకుతోంది. కీల్‌ను పట్టి ఉంచే ఉక్కు తీగ నీటి ఒరిపిడికి మోగుతోందన్నమాట.

ప్రమాదం మోతలో లేదు, తీగలోనే ఉంది. సాయంత్రం ఒడ్డుకొచ్చి కీల్ ఎత్తుతుంటే తెగిన పోగొకటి నా వేలికి దిగింది. తీగ కొత్తదని అమ్మినాయన ఒట్టు పెట్టి మరీ చెప్పాడు. అది పుటుక్కుమని ఉంటే అంత ఇనుము ఒక్కసారిగా కిందికి పడి అడుగును చీల్చి ఉండేది. అందుకే కొనేముందు పడవ కిందికి దూరి, కీల్ కిందికి పడకుండా గట్టి ఆధారం ఉందని తేల్చుకున్నాకే దాన్ని అటూ ఇటూ తోసి చూడండి. టకటకమంటే అది వేలాడే ఇరుసు అరిగినట్టే.

ఐదుగురు పడుకోవచ్చని ప్రకటనల్లో రాస్తారు. మేము ముగ్గురం పడుకుంటే ఒకరి మోకాళ్లు ఇంకొకరి వీపులో ఉన్నాయి. అరగంటలో మాస్ట్ (తెరచాప కట్టే నిలువు స్తంభం) నిలబెట్టవచ్చనేదీ అలాంటి మాటే: మాకు ఇప్పటికీ గంటన్నర పడుతోంది, పైగా ఒకసారి మాస్ట్‌ను పక్కలనుంచి పట్టి ఉంచే తీగల బిగింపు మర అడ్డంగా పడి వంకరపోయింది. పైన కరెంటు తీగలు లేవని చూసుకోకుండా మాస్ట్ మాత్రం ఎత్తకండి.

తీగ మార్పించాను గానీ మోత పోలేదు, పోనివ్వాలని నాకూ లేదు. అది ఆగిందంటే గాలి తగ్గిందని కాబిన్‌లో టీ కాస్తూనే తెలిసిపోతోంది.